ఒకే ఒక్క బోర్డు

మనుమరాలు తన పని గురించి ఎంత విడమరిచి చెప్పినా నాకు సగమే ఎక్కింది. నేను చదివింది నాలుగో తరగతి వరకే. ఆ పిల్ల నా కొడుకు బిడ్డ. జగిత్యాలలో మా ఇంట్లోనే కూర్చుని ఒక బట్టల కంపెనీకి కంప్యూటర్ పని చేస్తుంది. ఆ కంపెనీకి ఇక్కడా, కోరుట్లలో, సిరిసిల్లలో ఆఫీసులున్నాయి. అందరూ కలిసి చూసుకునే కాగితాలన్నీ ఒకే సర్వర్‌లో ఉండేవట. దాచేది అదే, వెతికి ఇచ్చేది అదే, ఎవరు ఏది చూడొచ్చో చెప్పేదీ అదే. అది మొరాయిస్తే మూడు ఊళ్ళలోనూ పని బంద్. కొత్త వెర్షన్‌లో ఆ పనులను విడదీసి తలా ఒక మిషన్‌కు అప్పజెప్పారట.

"ఒక్కటి చేసే పనికి మూడెందుకే, దండుగ" అన్నాను.

"అన్నీ ఒక్కదాని మీదనే ఏస్తే, అది పడ్డనాడు అన్నీ పడ్తయి బాపమ్మా" అంది.

పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి మార్చే పనిని మొదటిసారి దాని ఒక్కదాని చేతికే ఇచ్చారు. సోమవారం ఆఫీసులు తెరిచేలోగా అయిపోవాలి. ఆదివారం పొద్దున్నే కూర్చుంది. ఛాయ్ కూడా అక్కడికే.

పదకొండింటికి నల్లా వచ్చింది. రోజు విడిచి రోజు గంటసేపే వస్తుంది, మోటారు పెట్టకుంటే నీళ్ళు ట్యాంకులోకి ఎక్కవు. దాని వైరు అందేది వసారాలో ఉన్న ఒక్క బోర్డుకే. ఇంకొకటి పెట్టిద్దామని కోడలు రెండేళ్ళుగా అడుగుతోంది. ఒకటి చాలదా అని నేనే ఆపాను. బోర్డు నిండా ప్లగ్గులే. అందిన ప్లగ్గు పీకి మోటారుది పెట్టాను.

లోపల నుంచి నెట్ పోయిందన్న కేక వినబడింది. గబుక్కున మళ్ళీ మార్చి పెట్టాను కానీ, అప్పటికే రెండు గంటల పని మొదటికి వచ్చిందట. మనుమరాలు వసారాలోకి వచ్చి ప్లగ్గు ఎవరు పీకారని అడిగింది. నేను బకెట్ వైపు తిరిగాను.

వంటింటి గడపలోంచి కోడలు, "నేనే బిడ్డా, సూస్కోలే" అంది.

"గంత సోయి లేదానే అమ్మా" అని పిల్ల విసుక్కుంది.

కోడలి చేతిలో గ్లాసు పగిలితే మూడు రోజులు ఎత్తిపొడిచేదాన్ని. ఆ పూట నింద ఆమెనే మోయనిచ్చి బకెట్ నింపుకున్నాను. పొద్దుగూకే వేళకు పని ఎట్లాగో పూర్తయింది.

నాలుగో రోజు బజారుకు పోయి బోర్డు కొన్నాను. బేరమాడకుండా నేను కొన్నది బహుశా అదొక్కటే. ఇంటికొచ్చి, ఆ ప్లగ్గు పీకింది మీ అమ్మ కాదు, నేను అని మనుమరాలికి చెప్పాను.

అది కంప్యూటర్ మీది నుంచి తలెత్తకుండానే అంది. "ఎరుకే బాపమ్మా. నువ్వు ఒర్రుతవని, తిడ్తవని అమ్మ గా బోర్డే ముట్టది."

కొత్త బోర్డు కోడలి చేతిలో పెట్టి, నీ ఇష్టమున్న చోట పెట్టించుకో అన్నాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"యాడ పెట్టియ్యమంటరు అత్తమ్మా?" అని అడిగింది.