ముత్రా వీధిలో టేపు రెండో కొస

మా కంపెనీ సర్వేయర్ గారు సెలవుపై కాకినాడ వెళ్లి, తన ఇంట్లోనే నిద్రలో కన్నుమూసినట్టు గురువారం ఉదయం తంతి అందింది. పంపినది ఆయన ఇంటావిడ. ఈ సమాచారాన్ని సంబంధితులందరికీ తెలియజేయడమైనది. సంబంధితులందరూ తలలూపి తమ తమ బల్లల వద్దకు వెళ్లారు. టీ వచ్చింది. తాగాము. దుఃఖం ఏ పూటకు వస్తుందో ఇంతవరకు నిర్ధారణ కాలేదు.

ఈ గల్ఫ్ రేవు పట్టణం ముత్రాలో కొత్తగా దిగిన తెలుగువారి కోసం ఆయన ప్రతి గురువారం సాయంత్రం ఒక పాదయాత్ర నిర్వహించేవారు. దానికి ఆయన పెట్టిన పేరు బార్ల యాత్ర. పేరు నమ్మి, హైదరాబాదు ఇంజనీరు ఒకాయన ఇస్త్రీ చొక్కాతో, అత్తరుతో హాజరయ్యాడు. మొదటి బార్ సూక్ అనే పాత బజారు ద్వారం పక్కన మలయాళీల టీ దుకాణం. రెండవది పాత కోట కింద, పాలు లేని సులేమానీ చాయ్ పోసే బల్ల. మూడవదానిలో కావా అనే అరబ్బు కాఫీ, హల్వా. ప్రతిచోటా సర్వేయర్ గారు గ్లాసును వెలుతురుకెత్తి చూసి, సరుకు సక్రమమేనని ధ్రువీకరించేవారు.

"అసలుది ఎప్పుడొస్తది సార్?" అని ఇంజనీరు అడిగాడు.

"ఇయ్యే అసలువండి. మిగతావన్నీ నేను చూసేశాను."

చూసేసిన సంగతి ఆయన దాచలేదు. తాగుడు వల్ల ఊళ్లో ఉద్యోగం పోయిందనీ, ఇంటావిడ మాటలు మానేసిందనీ, సర్వీసు వివరాలు చెప్పినంత నిదానంగా చెప్పేవారు.

తిరుగుదారిలో కొత్తగా తెరిచిన హోటల్ ఉంది. అందులో నిజమైన బార్ ఉంది. ఆ వీధిలో ఎవరూ వెనకబడరాదని నియమం. ఆయన మా మధ్యలో నడిచేవారు. సైటులో ఆయన టేపు రెండో కొస పట్టుకునే కరీంనగర్ మనిషి ఒకసారి ఎకసెక్కమాడాడు, ఇంకో గల్లీ ఉండగా ఈ దిక్కు పోవుడెందుకని. తప్పించుకు తిరిగితే అది కొలత కాదన్నారాయన.

కిందటి చలికాలంలో, ఆ హోటల్ గుమ్మంలో కాంట్రాక్టరు మేనేజరు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. రోడ్డు పూర్తయిందట, ఈ సాయంత్రం ఖర్చంతా తనదేనట. కాదంటే మనసులో పెట్టుకునే మనిషి. సర్వేయర్ గారి చెయ్యి తలుపు మీదికి వెళ్లింది. పట్టభద్రులమైన మేమందరం కోట బురుజులను పరిశీలించాము.

కరీంనగర్ మనిషి ఆయన భుజానున్న తోలు డబ్బాలోంచి టేపు కొస లాగాడు.

"సార్, గీ గల్లీ కొలుచుడు మిగిలింది."

ఆయన టేపు వంక చూశారు. తలుపు మీది చెయ్యి తీశారు. డ్యూటీలో ఉన్నానని మేనేజరుకు హిందీలో విన్నవించి, గ్లాసు పట్టుకున్న ఆ పెద్దమనిషి ఎదుటే ఈ గోడ నుంచి ఆ గోడకు వీధిని కొలిచారు.

నాటి నుంచి ఆ కొలత యాత్రలో భాగమైంది. వీధి ఏ వారమూ వెడల్పు కాలేదు, ఇరుకు కాలేదు. ఆయన ప్రతి వారం తృప్తిగా తలూపేవారు.

సెలవుకు బయలుదేరేటప్పుడు టేపును కరీంనగర్ మనిషి చేతికిచ్చారు.

"ఇంటావిడ రమ్మంది తమ్ముడూ. ఇది నీ దగ్గరుంచు. అక్కడ దీంతో పనుండదనుకుంటాను."

తంతిలో ఇంట్లోనే అన్న మాటను మేము మళ్లీ మళ్లీ చదివాము.

ఆ సాయంత్రం యాత్రను రద్దు చేస్తూ ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు కనుక అది జరిగింది. మూడు చోట్లా తాగాము. హోటల్ ముందు కరీంనగర్ మనిషి ఈసారి తానే డబ్బాను గోడకానించి, టేపు కొస ముందుకు చాచి నిలబడ్డాడు. తీసుకోవలసిన చెయ్యి రాలేదు. అతను దాన్ని వెనక్కి చుట్టలేదు. మెల్లగా నేల మీదికి వదిలాడు. బార్ తలుపు తెరుచుకుని వెలుతురు వీధికి అడ్డంగా పడింది. లోపలి నుంచి వచ్చిన ఒకాయన కాలెత్తి, టేపును తొక్కకుండా దాటి వెళ్లాడు.