ఆంటీ అన్నందుకు

2023 ఎండాకాలం. అమెరికాలో ఉండేది మోరిస్‌విల్‌లో, పని పక్క ఊరు డర్హమ్‌లో. సోషల్ వర్కర్‌ని. నల్లజాతి క్వీర్ మనుషులు, అంటే ఆడవాళ్ళతో కాపురం చేసే ఆడవాళ్ళు, మగవాళ్ళతో ఉండే మగవాళ్ళు, ఇంకా అలాంటివాళ్ళు, జబ్బు చేసినా డాక్టర్ దగ్గరికి ఎందుకు వెళ్ళడంలేదో తెలుసుకోవడం మా ప్రాజెక్ట్. ఇళ్ళకెళ్ళి మాట్లాడతాం. ఒకావిడ నన్ను గుమ్మంలోనే నిలబెట్టేసింది.

పేరు డెలోరిస్. స్కూల్ బస్ నడిపి రిటైరైంది. రొమ్ములో గడ్డ. బయాప్సీ, అంటే సూదితో ముక్క తీసి చేసే పరీక్ష, చేయించుకోమని నెలల క్రితమే చెప్పారు. వెళ్ళలేదు.

"హలో ఆంటీ" అన్నాను, అలవాటు కొద్దీ.

"ఎవరు నేర్పారు నీకా మాట?"

"మావాళ్ళల్లో పెద్దవాళ్ళని అలాగే అంటామండీ."

"ఇక్కడ మా అమ్మమ్మని తెల్లవాళ్ళు అలా పిలిచేవాళ్ళు. జీవితమంతా వాళ్ళింట్లో అంట్లు తోమినా మిసెస్ అనడానికి నోరు రాలేదు. నేను మిస్ డెలోరిస్‌ని."

నాకు తల కొట్టేసినట్టయింది. సారీ చెప్పి కూర్చుని రికార్డర్ తీశాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఇన్సూరెన్స్‌వాళ్ళు పంపారా, చర్చివాళ్ళా అని ఆరా తీసింది. ఆపేశానంటే నమ్మలేదు, బ్యాటరీ తీయించింది. పక్కన రూత్ అని ఇంకో పెద్దావిడ ఉంటే, "మా సిస్టర్" అంది. కాసేపయ్యాక రూతేమో "మేం కజిన్స్" అంది. ఇదెక్కడి గోల! మా స్టడీకి ఒప్పుకున్నవాళ్ళే, నా దగ్గర కూడా దాపరికమా? నాకూ అనుమానం మొదలైంది, చిరాకూ వేసింది. అడిగేశాను.

"ఒక్కో చోట ఒక్కోటి చెప్పి చెప్పి మాకే కలగాపులగం అయిపోయింది" అంది డెలోరిస్. స్కానింగ్‌కి వెళ్ళినప్పుడు ఫ్యామిలీ మాత్రమే అన్నారట. సిస్టర్ అంటే పోలికలు లేవే అన్నారట. రూత్‌ని హాల్లో కుర్చీలో కూర్చోబెట్టారు. "తను లేకుండా నేను మళ్ళీ అక్కడ బట్టలు విప్పను. గడ్డ పెరిగితే పెరగనీ."

ఇంకో క్లినిక్‌కి ఫోన్ చేశాను. పేషెంట్ ఎవరిని కోరితే వాళ్ళు రావచ్చన్నారు.

"ఫోన్లో అందరూ మంచివాళ్ళే" అంది. చివరికి, "నువ్వూ రా, చూస్తాను."

క్లినిక్‌లో నర్స్ వచ్చి, "మీతో వచ్చింది ఎవరు?" అని అడిగింది. డెలోరిస్ నావైపు చూసింది, నేనే నోరు జారతానేమో అన్నట్టు.

"నా భార్య" అంది.

"ఇద్దరూ రండి" అని నర్స్ తలుపు పట్టుకుంది. అంతే. రూత్ కళ్ళు తుడుచుకుంది. నేనూ లేచాను.

"నువ్వెక్కడికి?" అంది డెలోరిస్. "రూత్ కూర్చుంది ఇలాంటి కుర్చీలోనే. కూర్చుని చూడు, నీ రీసెర్చ్‌కి పనికొస్తుంది."

కూర్చున్నాను. 'అప్పుడు మీకెలా అనిపించింది?' అని ఎంతమందిని అడిగానో! తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడ్డాను. ఎవరూ నాకేమీ చెప్పలేదు. చెప్పడానికి నేనెవర్ని?

గడ్డ చెడ్డదే, కానీ ఇంకా పాకలేదు. ఆపరేషన్ అయింది, కోలుకుంది. నేనంటే ఇప్పటికీ పూర్తి నమ్మకం లేదు, ఫోన్ చేస్తే "రికార్డ్ చేస్తున్నావా?" అనే మొదలుపెడుతుంది. నేను మాత్రం ఎవరింటికెళ్ళినా రికార్డర్ తీయకముందే రెండు మాటలు అడుగుతాను. మిమ్మల్ని ఏమని పిలవాలి? మీతో లోపలికి ఎవరు రావాలి?