రొట్టె పట్టుకున్న మనిషి బొమ్మ

హెస్టర్ అడోనిస్ ముప్ఫై ఏళ్లు కేప్‌టౌన్‌లోని ఒక బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుట్టింది. పుట్టిన వీధిని సర్కారు తెల్లవాళ్లకు కట్టబెట్టి, తమని లారీల్లో తెచ్చి ఊరవతల ఇసుకనేలలో దించినప్పుడు కూడా నోరు మెదపలేదు. యాభై దాటాక, యూనియన్ హాలులో పోస్టర్లు అచ్చువేయడం నేర్పుతున్నారని విని, టీ అయినా దొరుకుతుందని వెళ్లింది. చట్రానికి బిగించిన పల్చటి గుడ్డ మీద ఇంకు పోసి, రబ్బరు పలకతో ఒక్క లాగు లాగితే అడుగునున్న కాగితం మీద బొమ్మ తేలింది. ఇక ఆ హాలు వదల్లేదు.

పందొమ్మిది వందల ఎనభై ఐదులో ఎదురింటి ఎస్మే కొడుకు కోలిన్‌ని పోలీసులు కాల్చేశారు. బడిపంతులు. రొట్టె కొనుక్కుని ఇంటికి వస్తున్నాడు. రేడియో మాత్రం రాళ్లు రువ్వే మూకలో వాడని చెప్పింది.

"రొట్టెకీ రాయికీ తేడా తెలీని వెధవలకి తుపాకులెవడిచ్చాడే?" అంది హెస్టర్, ఎస్మేతో.

మర్నాడే అచ్చు కోసం కాగితంలో స్టెన్సిల్ కోసింది. కోలిన్ ముఖం, చంకలో రొట్టె, కింద రెండు ముక్కలు: "రొట్టె కొనడానికి వెళ్లాడు. చంపేశారు." పోలీసులు గోడల మీద నుంచి గీకేసిన కొద్దీ మళ్లీ అంటించింది. చివరికి, కోలిన్ శవయాత్రలో పోస్టర్లు, జెండాలు ఉండకూడదని ఉత్తర్వు వచ్చింది.

హెస్టర్ ఒళ్లు మండిపోయింది. నలభై తెల్ల ఏప్రన్ల మీద అదే బొమ్మ అచ్చేసి, శవయాత్రకి కట్టుకురమ్మని ఇల్లిల్లూ తిరిగింది.

"నా ఉద్యోగం పోద్ది ఆంటీ," అని ఒకామె మడత విప్పకుండానే తిరిగిచ్చేసింది. హెస్టర్ దాన్ని చంకలో పెట్టుకుని పక్కింటికి నడిచింది. చివరికి కట్టుకున్నది పదకొండు మంది.

శ్మశానం గేటు దగ్గర అధికారి హెస్టర్‌ని ఆపాడు.

"అది తీసెయ్. పోస్టర్లు నిషేధం."

"పోస్టరెక్కడుంది బాబూ? ఇది వంటింటి గుడ్డ. మీ ఇళ్లల్లో అంట్లు తోమేటప్పుడు మేం కట్టుకునేది ఇదే. ఇన్నాళ్లూ కళ్లకి ఆనలేదా?"

అతను ముడి తెంపి గుడ్డ లాగేశాడు. అంతవరకూ శవపేటిక పక్కన నడుస్తున్న ఎస్మే వచ్చి, కోటు బొత్తాలు విప్పింది. లోపల ఆమె కూడా అదే కట్టుకుంది.

"ఇదీ తీస్కో. కొడుకునే తీసుకున్నోడివి," అంది.

అతను ఎస్మేని ముట్టుకోలేదు. ఆ కోపమంతా హెస్టర్ మీద చూపించి, జుట్టు పట్టి వ్యాన్‌లోకి తోయించాడు. పద్నాలుగు రోజులు లాకప్‌లో ఉంచారు. బయటికొచ్చేసరికి ఫ్యాక్టరీ పనివాళ్ల జాబితాలోంచి ఆమె పేరు కొట్టేసింది.

ఏడాదికి విచారణ ముగిసింది. కోలిన్ చావుకు ఎవరూ బాధ్యులు కారని మేజిస్ట్రేటు రాశాడు. హెస్టర్ ఆ తీర్పులోని వాక్యాన్ని, కింద మేజిస్ట్రేటు పేరుతో సహా, ఉన్నదున్నట్టు స్టెన్సిల్ కోసింది. సొంత మాట ఒక్కటీ కలపలేదు. మూడు వందల పోస్టర్లు అచ్చేసి, కోర్టుకు వెళ్లే రోడ్డు పొడుగునా పట్టపగలే అంటించింది.