ఫ్యూజు కోసం వచ్చినవాడు

మా కాలంలో పెళ్ళికొడుకుని చూడ్డానికి వచ్చినవాళ్ళు జీతం అడిగేవాళ్ళు, గోత్రం అడిగేవాళ్ళు, మరీ జాగ్రత్తపరులైతే సిగరెట్టు వాసన ఏమైనా తగులుతుందేమోనని కాస్త దగ్గరగా జరిగి కూర్చునేవాళ్ళు. పిల్లాణ్ణి డ్రిల్లింగ్ మిషను దగ్గర నిలబెట్టి చూసిన మామగారు మాత్రం, నాకు తెలిసినంతలో, టాటానగర్ చుట్టుపక్కల ఒక్కరే. ఆయన నాకే దొరికారు. డెబ్బైల చివరి రోజులవి. బెల్‌బాటం ప్యాంట్లు వీధులు ఊడ్చేవి, జుట్టు చెవుల్ని మింగేసేది. అప్పట్లో నాకున్న ఆస్తల్లా ఆ జుట్టే. ఐ.టి.ఐ. పాసై, ఏదో ఒక పెద్ద ఫ్యాక్టరీ నుంచి పిలుపు రాకపోతుందా అని ఎదురుచూస్తూ, ఈలోపల ఆ ఊళ్ళోనే జుగ్సలాయి పేటలో గోదాముల వెనక సందులో ఉన్న చిన్న వర్క్‌షాపులో పనిచేస్తుండేవాణ్ణి. యజమానిని అందరం సేఠ్ అనేవాళ్ళం. మంచి మనిషి. ఇనుము వ్యాపారంలోకి ఎందుకొచ్చాడో తెలియదు గానీ, ఆయన మనసంతా దేవుడి పటాల దగ్గరే ఉండేది.

నాకు అప్పగించింది మనిషెత్తున నిలబడే ఒక డ్రిల్లింగ్ మిషను. పైన ఇనప మూత కింద బెల్టు తిరుగుతుంది, అది తిప్పితే కింద చక్ అనే బిగింపులో ఉన్న, చిల్లు పొడిచే బిట్టు తిరుగుతుంది, మనం పిడి నొక్కితే అది బల్లమీద ఉన్న ఇనుములోకి దిగుతుంది. చెప్పడానికి ఇంతే. మా మిషను వయసులో నాకంటే పెద్దది కాబట్టి, చెప్పినట్టు వినే అలవాటు దానికి లేదు. ఆ ఎండాకాలం దానికి కొత్తగా రెండు జబ్బులు పట్టుకున్నాయి. గుండ్రటి చిల్లు పొడవమంటే కోడిగుడ్డు ఆకారంలో పొడిచేది. పైగా ఒకటే కీచు. కీచుమన్నప్పుడల్లా నేను మూత మీదున్న కన్నంలోంచి నూనె పోసేవాణ్ణి. (అది నూనె పోసే కన్నం కాదు, ఒక బోల్టు ఊడిపోతే మిగిలిన కన్నం. ఈ సంగతి నాకు తరవాత తెలిసింది, అదీ తెలియకూడని మనిషి ఎదుట.)

అలాంటి సమయంలో మా పెద్దమ్మ ఊరికి అవతలి కొసనున్న బిర్సానగర్ నుంచి ఒక సంబంధం తెచ్చింది. ఫొటో ఇచ్చింది. ఫొటోలో అమ్మాయి నవ్వడం లేదు. "తీసేదేదో తొందరగా తియ్యవయ్యా, నాకవతల పనుంది" అన్నట్టు ఫొటోగ్రాఫరు వంక చూస్తోంది. నాకు ఆ చూపు చూడగానే నచ్చేసింది. ఎందుకని అడిగితే ఇప్పటికీ చెప్పలేను. అమ్మాయి తండ్రి ఫ్యాక్టరీలో పాడైన మిషన్లు బాగుచేసే ఫిట్టరు.

"ఒరే నాయనా, ఆ మడిసి మంచోడే గాని ఓ పిచ్చుంది," అంది పెద్దమ్మ. "మునుపు రెండు సంబంధాలొగ్గీసినాడు. ఒకడికి ఏలు సగమే ఉందంట. రెండోవోడికి ఏళ్ళన్నీ ఉన్నాయి గాని, మాటాడతా మాటాడతా తిరిగే టేబులు ఫేనుని సేత్తో ఆపినాడంట. 'ఈడికి ఇయ్యాల ఏళ్ళున్నాయి సరే, రేపుంటాయా?' అనీసి కాఫీ తాక్కుండా లేచొచ్చీసినాడు."

"మరి మనింటికి ఎప్పుడొస్తారు?"

"ఇంటికి రాడంట. 'ఇంటికాడ అందరూ బుద్దిమంతులే, మిషను కాడ సూత్తాను' అన్నాడు. ఏ రోజొత్తాడో సెప్పడంట. నువ్వు మాత్రం జాగర్తగా ఉన్నట్టు అవుపించాల."

ఉండాలి అనలేదు, అవుపించాలి అంది. నేను ఆ మాటనే పట్టుకున్నాను. మర్నాటి నుంచీ నా అవతారం మారిపోయింది. పొడుగు చేతుల చొక్కా మానేశాను, వేలికున్న ఉంగరం తీసేశాను, మణికట్టుకి కట్టిన తాడు విప్పేశాను. అంతవరకూ బాగానే ఉంది. జుట్టు దగ్గర చిక్కొచ్చింది. తిరిగే బిట్టు దగ్గరికి వేలాడే జుట్టుతో వెళితే నెత్తి ఊడొస్తుందని ఐ.టి.ఐ.లో చెప్పారు. కత్తిరించుకోమంటే ప్రాణం ఒప్పుకోలేదు. చివరికి మా చెల్లి తన పిన్నులు తెచ్చి, నా జుట్టంతా వెనక్కి దువ్వి, చెవుల పక్క చెరో రెండు గుచ్చింది. వాటిమీద ప్లాస్టిక్ సీతాకోకచిలకలు ఉన్నాయి. మా వెల్డరు ఆ వారం సెలవులో ఉన్నాడు కదా అని అతని నల్లద్దాలు కళ్ళకి పెట్టుకున్నాను, అతని తోలు తొడుగులు చేతులకి వేసుకున్నాను. జాగ్రత్త అన్నదాన్ని మనిషి ఆకారంలో పోతపోస్తే ఇలాగే ఉంటుందని నా నమ్మకం. సేఠ్ మాత్రం నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. తరవాత మెల్లిగా, "తబియత్ ఠీక్ హై బేటా?" అని అడిగి, ఒంట్లో బాగానే ఉందన్నాక దేవుడి పటం వైపు తిరిగాడు.

ఆ నల్లద్దాల గురించి ఒక మాట చెప్పాలి. వెల్డింగు మంట కళ్ళకి కొట్టకుండా చేసిన అద్దాలవి. మంట లేనప్పుడు వాటిలోంచి ఏమీ కనిపించదు. పగలు పదకొండు గంటలకి నాకు అమావాస్య. తడుముకుంటూ ఇనప బ్రాకెట్టుని వైసు దవడల మధ్య బిగించి, తడుముకుంటూ చిల్లులు పొడిచేవాణ్ణి. అవి కోడిగుడ్లలా వస్తున్నాయా గుమ్మడికాయల్లా వస్తున్నాయా అన్నది నాకు తెలియదు. రోజులు గడుస్తున్నాయి, ఎవరూ రావడం లేదు, నేను మాత్రం మే నెల ఎండలో తోలు తొడుగుల్లో ఉడికిపోతున్నాను.

ఒకనాడు గుమ్మంలో ఎవరో దగ్గారు. గుమ్మంలో పడే ఎండకి అడ్డంగా లావుపాటి నీడ ఒకటి మసగ్గా కదిలి, లోపలికి వచ్చి, నా పక్కన నిలబడి, మిషను వంక చూస్తున్నట్టు అనిపించింది. వచ్చేశారు, అనుకున్నాను. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. "నమస్కారమండీ. నేను మిషను దగ్గరికి ఎప్పుడూ ఇలాగే వస్తానండీ. ముందు ఇనుము కదలకుండా బిగిస్తాను. తరవాత చక్ బిగించే తాళం తీసి పక్కన పెడతాను. తాళం దానికే వదిలేసి స్విచ్ వేస్తే అది ఎగిరొచ్చి ఎదుటివాడి పళ్ళు రాలగొడుతుంది కదండీ. ఇనప రజను చేత్తో తుడవను, బ్రష్షుతో తుడుస్తాను. మీ అమ్మాయికి నావల్ల ఏ లోటూ రాదు."

లావుపాటి నీడ నా వైపు తిరిగింది. తరవాత హిందీలో అంది: "మేరీ తో కోయీ బేటీ నహీ హై భాయ్. మై బ్రాకెట్ లేనే ఆయా హూఁ."

అద్దాలు పైకెత్తి చూశాను. పక్క గోదాము పప్పుల వ్యాపారి. కూతురు లేదట, బ్రాకెట్ల కోసం వచ్చాడట. నా వెనక, గుమ్మం దగ్గర, సైకిలు పట్టుకుని సన్నగా పొడుగ్గా ఇంకొకాయన నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచి ఉన్నారో. ఆయన చూపు మొదట సీతాకోకచిలకల మీద, తరవాత నల్లద్దాల మీద, చివరికి తోలు తొడుగుల మీద వాలి, అక్కడే ఆగిపోయింది.

"మిషను ఆపు బాబూ," అన్నారు.

ఆపేశాను.

"ఆ తొడుగులిప్పు. డ్రిల్లు కాడ తొడుగేసుకున్నోడు తన సెయ్యిని దానికి అప్పగింతలు పెట్టినట్టే. తోలు కొస బిట్టుకి సిక్కిందంటే సెయ్యి ఎనక్కి రాదు, తెలిసిందా? ఆ అద్దాలు ఎవులివి?"

"వెల్డరువండీ."

"మరి నీకేటి అవుపిత్తంది?"

"ఏమీ కనిపించదండీ," అన్నాను. అబద్ధం చెప్పే పరిస్థితి దాటిపోయింది.

ఆయన అట్నుంచటే వెళ్ళిపోతారనుకున్నాను. కానీ అప్పటికే ఆయన చేతిలో నేను పొడిచిన బ్రాకెట్టు ఒకటి ఉంది. ఆ చిల్లుని ఆయన చూసిన చూపు, పప్పులో రాయి తగిలినవాడి చూపు. పెళ్ళి సంగతి ఆ క్షణంలోనే మరిచిపోయారని నాకిప్పుడు అర్థమవుతుంది. సైకిలు గోడకి ఆనించి, చొక్కా చేతులు పైకి మడిచి, తిన్నగా గోడ మీదున్న మెయిన్ దగ్గరికి వెళ్ళి పింగాణీ ఫ్యూజు ఊడబెరికి తన జేబులో వేసుకున్నారు. "స్విచ్ ఆపితే సాలదు. ఎవుడో వత్తాడు, సూడకుండా ఏసేత్తాడు. ఫ్యూజు నా జేబులో ఉంటే ఇంక దేవుడు కూడా ఏయలేడు," అన్నారు. సేఠ్‌కి దేవుడి ప్రస్తావన నచ్చింది. ముందుకొచ్చి నిలబడ్డాడు.

ముందు బిట్టు ఊడదీసి చదునైన బల్లమీద దొర్లించారు. తిన్నగానే దొర్లింది, వంకర లేదు. తరవాత చక్ ఊడదీసి, అది పైన ఇరుక్కునే గూట్లో వేలికి గుడ్డ చుట్టి తిప్పి చూపించారు. గుడ్డకి ఇనప రజను, జిడ్డు. "ఇదిగో, నీ కోడిగుడ్డు. ఇక్కడ మురికుంటే చక్ ఓరగా కూకుంటాది. ఓరగా కూకుంటే బిట్టు ఊగుతాది. తుడుసుకోవాలి, అంతే." పొడిగా తుడిచి, చక్ మళ్ళీ ఎక్కించారు. ఒక జబ్బు కుదిరింది. నేను ఊపిరి పీల్చుకున్నాను.

సరిగ్గా అప్పుడు మిషను కీచుమంది.

ఆయన నా వంక చూశారు. నేను ఆయన వంక చూశాను. స్విచ్ ఆపి ఉంది. ఫ్యూజు ఆయన జేబులో ఉంది. ఆయన జేబు తడుముకుని చూసుకున్నారు, ఉంది. మిషను మళ్ళీ కీచుమంది. పప్పుల వ్యాపారి గుమ్మం దాకా వెనక్కి నడిచాడు. సేఠ్ రెండు చేతులూ జోడించి, "బంద్ హై, ఫిర్ భీ రో రహీ హై," అన్నాడు. ఆగిపోయాక కూడా ఏడుస్తోందంటే ఇది మామూలు మిషను కాదని ఆయన ఉద్దేశం. ముప్పై ఏళ్ళు మిషన్లతో బతికిన పెద్దమనిషి కూడా ఒక అడుగు వెనక్కి వేశారు. నిజం చెప్పొద్దూ, ఆ ఒక్క అడుగు చూశాకే నాకు ఆయనంటే భయం పోయింది.

"మూత తీ," అన్నారు. తీశాను. బెల్టు పక్కన, నూనెలో నానిన నూలు పీచు మధ్య, ఎర్రగా వేళ్ళంత ఎలక పిల్లలు. తల్లి ఒక్కసారి మా అందరినీ చూసి బెల్టు మీంచి దూకి పారిపోయింది. బెల్టు అంచు పొడుగునా కొరికేసి ఉంది. ఇన్నాళ్ళూ కీచుమన్నది కొంత ఆ బెల్టు, కొంత ఈ కుటుంబం. మూత మీది కన్నం బోల్టుదని, నూనెది కాదని ఆయనే చూపించారు; నేను ఏ కీచు విని నూనె పోశానో దేవుడికే తెలియాలి. ఆయన గూటిలోంచి ఒక పొడుగాటి వెంట్రుక లాగి వెలుతురుకి పట్టుకున్నారు.

"ఇది నీదే గదేటి?"

నాదే. మిషను పక్కనే చిన్న అద్దం ముక్క వేలాడదీసుకుని రోజూ అక్కడే దువ్వుకునేవాణ్ణి. ఎలక నా ఆస్తితో ఇల్లు కట్టుకుంది.

ఇంక గొడవంతా వాటిని ఎక్కడ పెట్టాలన్నది. గణపతి వాహనం, ఒక్కదానికి కూడా దెబ్బ తగలకూడదని సేఠ్. ఎక్కడైనా పెట్టుకోండి గానీ నా గోదాము వైపు మాత్రం వద్దని పప్పుల వ్యాపారి. కాబోయే మామగారు (కాబోతున్నారో లేదో ఇంకా తెలియదు) ఇద్దరి మాటా విని, తోలు తొడుగు ఒకటి తీసి, గూటితో సహా పిల్లల్ని అందులోకి జార్చి, "ఇది ఇందుకు పనికొత్తాది," అన్నారు. సేఠ్ ఆ తొడుగుని తీసుకెళ్ళి దేవుడి పటం కింద అరలో పెట్టాడు. సాయంత్రానికి తల్లి కూడా అక్కడికి చేరిందని చెబుతాడు. సెలవు నుంచి వచ్చిన వెల్డరు చాలా రోజులు ఒంటిచేతి తొడుగుతో పనిచేశాడు.

"కొత్త బెల్టెయ్యండి. మరీ బిగించకండి, వేలితో నొక్కితే కాస్త లొంగాల," అని చెప్పి, చేతులు తుడుచుకుని, ఆయన సైకిలెక్కి వెళ్ళిపోయారు. నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. ఫొటోలో అమ్మాయి నిజంగానే వేరే పని మీద వెళ్ళిపోయిందనిపించింది. నేనలా దిగాలుగా కూర్చుని ఉండగా సేఠ్ కొత్త బెల్టు తెప్పించాడు, నేను ఎక్కించాను, స్విచ్ వేశాను. కదల్లేదు. అప్పుడు గుర్తొచ్చింది. ఫ్యూజు ఆయన జేబులో వెళ్ళిపోయింది.

"జావో, లేకే ఆవో," అన్నాడు సేఠ్, వెళ్ళి పట్టుకురమ్మని.

నా సైకిలు మీద వెళ్ళి, బిర్సానగర్‌లో ఆ ఇల్లు వెతుక్కుని తలుపు కొట్టేసరికి పొద్దు వాలుతోంది. తలుపు తీసింది ఆ అమ్మాయే. ఫొటోలో చూపే, కాస్త ఎక్కువ వెలుతురులో. "కౌన్?" అంది, ఆ ఊళ్ళో పెరిగిన పిల్లలందరిలా హిందీలోనే, ఎవరని.

దారి పొడుగునా ఎన్నో మర్యాదైన మాటలు కూర్చుకున్నాను. నోటికొచ్చింది మాత్రం, "ఫ్యూజు కోసం వచ్చాను."

"హమారా ఫ్యూజ్ ఠీక్ హై," అని, తమ ఫ్యూజు బాగానే ఉందని తలుపు వేయబోయింది. కరెంటు మిస్త్రీ అనుకుంది.

"మీది కాదండీ. మాది. మీ నాన్నగారి జేబులో ఉంది."

ఆమె ఆగింది. నా తలవైపు చూసింది. అప్పుడు నాకు తెలిసింది, జుగ్సలాయి నుంచి బిర్సానగర్ దాకా బజారంతా నన్ను ఎందుకు చూసిందో. చెయ్యెత్తి పిన్నులు తీయబోయాను. "రహనే దో," అంది ఆమె, ఉండనీ అన్నట్టు, పెదవి బిగబట్టి. లోపల స్నానాలగదిలోంచి తండ్రి గొంతు వినిపించింది. "ఎవులే?"

"పతా నహీ నాన్నా. తిత్‌లీ వాలా కోయీ హై." ఎవరో తెలియదట, సీతాకోకచిలకలవాడట.

"ఓలి, ఆడే. కూకోమను. మజ్జిగియ్యి."

మజ్జిగ తాగుతూ ఉండగా ఆయన తుండు భుజాన వేసుకుని వచ్చి, గోడకి వేలాడుతున్న చొక్కా జేబులోంచి ఫ్యూజు తీసి నా చేతిలో పెట్టారు. "బాబూ, నీకు మిషను సంగతి ఏటీ తెలీదు," అన్నారు నెమ్మదిగా. "నేర్సుకుంటావు, అది పెద్ద పని కాదు. కాని 'ఆపు' అన్నాను సూడు, ఎందుకని అడక్కుండా ఆపీసినావు. పదిమందిలో తొమ్మండుగురు 'ఇది పూర్తి సేసి ఆపుతాను' అంటారు. ఏళ్ళు పోయేది అక్కడే." తరవాత కూతురి వైపు తిరిగి, "ఏటమ్మా?" అన్నారు.

ఆమె నా చేతిలోంచి ఖాళీ గ్లాసు తీసుకుని, "దేఖేంగే," అని లోపలికి వెళ్ళింది. చూద్దాం, అని. (చూడ్డానికి ఇంకో నెల పట్టింది. జాలిపడి ఒప్పుకున్నానని ఆవిడ ఇప్పటికీ అంటుంది. కాదనే ధైర్యం నాకు ఇప్పటికీ రాలేదు.)

తిరిగి జుగ్సలాయి చేరేసరికి వర్క్‌షాపు మూసేసి ఉంది. షట్టరు ముందు సైకిలు ఆపి దిగాను. అప్పుడే ఫ్యాక్టరీ వైపు కరిగిన స్లాగు, అంటే కొలిమిలో మిగిలిన మడ్డి, పారబోసినట్టున్నారు, ఆకాశం ఒక్కసారిగా ఎర్రబడి, సందులో గోడలన్నీ ఎర్రబడ్డాయి. ఆ ఊళ్ళో పుట్టి పెరిగినవాడికి అది రోజూ చూసే వెలుగే. ఎవరూ తలెత్తి చూడరు. నేను మాత్రం ఆ సాయంత్రం దాన్ని ఎవరో నాకోసమే వెలిగించారనుకున్నాను. ఇంటికి వెళ్ళాలన్న తొందర కూడా లేకుండా, మూసిన షట్టరుని ఎదురుగా పెట్టుకుని ఒక్కణ్ణే నవ్వుకుంటూ నిలబడ్డాను. ఆ కుర్రవాడు ఇప్పుడు నాకెక్కడైనా ఎదురుపడితే ఏమీ చెప్పను. పక్కన సైకిలు స్టాండు వేసుకుని, ఆ ఎరుపు చల్లారేదాకా నేనూ కాసేపు నిలబడతాను.