మామ బిగించిన బ్రేకు

నా చిన్నప్పుడు జహీరాబాద్‌లో చేపలు పట్టడమంటే వెదురు కట్టె, దారం, గాలం, అంతే. చేప పడితే ఒక్క గుంజు గుంజి గట్టు మీద వేయాలి. అలాంటి ఊరికి మా మేనమామ బొంబాయి నుంచి రీలు తెచ్చాడు. బొంబాయి రోడ్డు మీద లారీ నడిపే మనిషి ఆయన. పాత సామాన్లు అమ్మే చోట చూసి ముచ్చటపడి కొన్నాడట. పిడి తిప్పితే తంగూసు దారం చక్రానికి చుట్టుకుంటుంది. చక్రం మీద ఒక మర ఉంటుంది. దాన్ని గట్టిగా బిగిస్తే దారం కదలదు, వదులు చేస్తే చేప లాగినప్పుడు కిర్రుమంటూ జారుతుంది. దాన్ని డ్రాగ్ అంటారని నాకు పెళ్లయ్యాక ఎప్పుడో తెలిసింది. మామ మాత్రం బ్రేకు అనేవాడు.

నాకప్పుడు పదేళ్లు. మామ అంటే ప్రాణం. ఆయన లారీ హారను వినబడితే అన్నం ముందునుంచి లేచి వాకిట్లోకి పరుగెత్తేదాన్ని. ఆ ఎండాకాలం లారీ మరమ్మతుకు పోవడంతో ఆయన పదిహేను రోజులు మా ఇంట్లోనే ఉన్నాడు. ఆ పదిహేను రోజులూ నాకు బ్రేకు పాఠమే. మా నాయన అల్లం తూచే స్ప్రింగు కాటా కొక్కేనికి దారం కొస కట్టి, నన్ను కట్టె పైకెత్తి పట్టుకోమని, తాను కాటాతో మెల్లగా వెనక్కి నడిచేవాడు. మా దారం ఆరు కిలోలకు తెగుతుంది. అందులో మూడో వంతు, అంటే ముల్లు రెండు దగ్గరికి రాగానే రీలు జారాలి. ముందే జారితే మర కొంచెం బిగించాలి, రెండు దాటినా జారకపోతే వదులు చేయాలి.

ఇంకా నాలుగు కిలోలు ఓర్చుకోగల దారాన్ని ముందే ఎందుకు వదలాలని అడిగాను.

"లోడు బండికి ఒక్కసారే బ్రేకు తొక్కితే ఏమైతది బిడ్డా? బోల్తా కొడ్తది. గిదీ గంతే. చాపను జర ఉరుకనియ్యాలె, అలసినంక గుంజాలె," అన్నాడు మామ.

అంత తేటగా చెప్పిన మనిషి నాకు మళ్లీ దొరకలేదు. తరువాత ఆయన మీద ఎంత కోపం వచ్చినా ఆ మాట ఒప్పుకోవాలి.

సెలవుల చివర పందెం పెట్టాడు. "నువ్వు పెట్టిన బ్రేకుతోని పెద్ద చాప ఒడ్డుకొస్తే రీలు నీదే. నేను మళ్ల అడుగ," అన్నాడు. ఊళ్లో ఏ పిల్లకూ లేని వస్తువు నాదవుతుందంటే ఆగుతానా? పొద్దున్నే కాటా పెట్టి మూడుసార్లు సరిచూసుకున్నాను. మూడుసార్లూ ముల్లు రెండు దగ్గరే రీలు జారింది. మామా, నేనూ, పక్కింటి అక్కా కలిసి ఊరి దగ్గరి నారింజ వాగు ప్రాజెక్టుకు పోయాం. అక్క దవాఖానలో పనిచేసే కాంపౌండరు బిడ్డ, నాకన్నా ఐదారేళ్లు పెద్దది. మా అమ్మకు తీరిక ఉండేది కాదు. రోజూ నా తలకు నూనె రాసి జడ వేసేది ఆ అక్కే.

జొన్నపిండి ముద్ద గాలానికి పెట్టి విసిరి, కట్టెను రాళ్ల మధ్య నిలబెట్టాను. ఎండ ముదిరింది. వాళ్లిద్దరినీ కట్టె దగ్గర ఉంచి బోరింగుకు పోయి నీళ్లు తాగి వచ్చాను. వచ్చిన కాసేపటికే కట్టె విల్లులా వంగింది. పెద్ద బొచ్చె చేప. నీళ్లపైన దాని వీపు కనబడింది. కట్టె ఎత్తి పట్టుకుని కిర్రుమనే చప్పుడు కోసం చూశాను. రాలేదు. దారం బిగుసుకుని టప్పున తెగింది. నేను వెల్లకిలా పడ్డాను. లేచి మర ముట్టి చూస్తే రాయిలా బిగిసి ఉంది.

మామ మీదికి నా అనుమానం పోనే పోలేదు. నేరుగా అక్క మీద పడ్డాను.

"నువ్వే ముట్టినవ్! రీలు నాకొస్తదని నీకు కుళ్లు!"

"నేను ముట్టలే చెల్లె," అంది అక్క. అని మామ వైపు చూసింది. మామ బీడీ ముట్టించుకుంటూ నీళ్లవైపు చూస్తున్నాడు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు, వినకుండా ఇంకా ఏవేవో అన్నాను.  అక్క చెప్పులు వేసుకుని ఒక్కతే రోడ్డువైపు నడిచింది.

మర్నాడు, ఆ మర్నాడు కూడా దువ్వెన పట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది. నేను లోపలికి పోయి తలుపు వేసుకున్నాను. వానలు మొదలుకాకముందే వాళ్ల నాన్నకు నారాయణఖేడ్ బదిలీ అయింది. సామాను బండికి ఎక్కిస్తుంటే కిటికీలోంచి చూశాను కానీ బయటికి రాలేదు.

దసరాకు మామ వచ్చాడు. అందరం అన్నాలు తింటుంటే తమాషా కథ చెప్పినట్టు ఆ సంగతి ఎత్తాడు.

"నేనే బిగించిన. ఇది నీళ్లకు పోయినప్పుడు. చాయ్ తాగొచ్చినా నేను టైర్లు తన్ని చూసినంకనే బండెక్కుత. మామ ఉన్నడు గదా అని ఇది చూసుకోలే. ఇగ జిందగీల మర్వదు!"

అందరూ నవ్వారు. మామ లేచి వెళ్లి రీలు తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది నా పని. అక్క ఆ రోజు ఆయన వైపు ఎందుకు చూసిందో అప్పుడు తెలిసింది. ఆమె కళ్లముందే బిగించాడు. పెద్దమనిషి, తనే చెబుతాడని ఆమె ఎదురుచూసింది.

"నేను అక్కను తిడుతుంటే ఎందుకు ఊకున్నవ్ మామా?" అని అడిగాను.

"పోరగాళ్ల లొల్లి, రెండు రోజులల్ల కలుస్తరనుకున్న," అన్నాడు, పెరుగు వేసుకుంటూ.

రీలు ఆయన కంచం పక్కన పెట్టి లేచాను. మళ్లీ దాన్ని ముట్టలేదు. తరువాత కూడా మామ వచ్చేవాడు, నేను నీళ్లిచ్చేదాన్ని, అన్నం పెట్టేదాన్ని. హారను వినబడితే మాత్రం వాకిట్లోకి పరుగెత్తలేదు. ఆయనకది తెలిసిందో లేదో, ఎప్పుడూ అడగలేదు.

ఇప్పుడు నా మనవరాలికి రీలు కొన్నారు. కట్టె చేతికి తీసుకున్నప్పుడల్లా దారం లాగి చూసుకొమ్మని దానికి చెబుతాను. మామ చెప్పిన పాఠంలో తప్పేమీ లేదు. పిల్ల రీలు మర మాత్రం దానికి చెప్పకుండా ముట్టను. నేర్పాలంటే నోటితో చెప్పి నేర్పవచ్చు, అందుకోసం పిల్లల నమ్మకాన్ని తెంపనక్కర లేదు.

మామ మీది కోపం ఆయన చనిపోయిన ఏడాదే చల్లారింది. నారాయణఖేడ్‌కు మాత్రం నేను పోలేదు. బస్సెక్కితే పూట ప్రయాణం. మొదట సిగ్గు, తరువాత పెళ్లి, పిల్లలు, ఆ తరువాత ఇంకే ముఖం పెట్టుకుని పోవడమని. ఆయన చేసింది మోసమే, ఎవరి ముందైనా అంటాను. కానీ అక్క ముట్టలేదని చెప్పింది, నమ్మనిది నేను. జహీరాబాద్ బజారులో ఎవరైనా అక్క పేరు పెట్టి ఎవరినో పిలిస్తే, ఈ వయసులోనూ ఆగి వెనక్కి తిరిగి చూస్తాను.