వదినగారి చిట్టి టమాటాలు

మొన్న రావులపాలెంలో బస్సు దిగి పళ్ల దుకాణం ముందు ఆగాను. అరటి గెలల పక్కన ప్లాస్టిక్ డబ్బాల్లో చెర్రీ టమాటాలు పెట్టారు. పక్కనున్న ఒకావిడ డబ్బా చేతిలోకి తీసుకుని, "ఇయ్యి కూరకి పనికొస్తాయాండీ?" అని అడిగింది. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని; ఎవరేమడిగినా ఆదికాండం నుంచి మొదలుపెట్టడం నాకలవాటు. అలాంటిది, "నాకు తెలీదండీ" అనేసి వచ్చేశాను. తెలియక కాదు. ఆ టమాటాల గురించి ఒకసారి మాట్లాడకూడనంత మాట్లాడాను.

మా అన్నయ్య పోయాక వదినగారు కువైట్ నుంచి వచ్చేసి అమలాపురంలో మా ఇంట్లోనే ఉండేవారు. అక్కడ పద్దెనిమిదేళ్లు ఒకరింట్లో వంటా ఇంటిపనీ చేశారు. నేను మాత్రం మా స్కూల్లోనూ చర్చిలోనూ "ఆస్పత్రిలో పని" అని చెప్పేదాన్ని. వస్తూ వస్తూ ఆ ఇంటి పెరట్లోవి ఈ చిట్టి టమాటా విత్తనాలు చిటికెడు కాగితంలో మడిచి తెచ్చుకున్నారు. పాత పెయింటు బకెట్లలో కొబ్బరి పొట్టు, పేడ ఎరువు కలిపి మా డాబా మీద నాటారు. పొద్దున్నే లేచి పక్క పిలకలు గిల్లేవారు, పురుగు పడితే పుల్లమజ్జిగ చల్లేవారు. నేను కాఫీ గ్లాసుతో పైకెళ్లి పర్యవేక్షించేదాన్ని. చలికాలం వచ్చేసరికి ద్రాక్ష గుత్తుల్లా విరగకాశాయి. పప్పులో వేశాం, చారు పెట్టాం, రోటి పచ్చడి నూరాం; ఇరుగుపొరుగుకి పంచినా తరగలేదు. అప్పుడావిడ ఒక్కో పండునీ సూదితో పొడిచి, వెల్లుల్లి వేసి సన్నసెగ మీద నూనెలో మగ్గబెట్టి సీసాలకెత్తారు. ఆ వాసనకి వీధిలో వెళ్లేవాళ్లు ఆగి అడిగేవారు.

పంటలో తొలి భాగం కానుకగా ఇచ్చే చర్చి కోత పండుగకి బుట్టెడు పళ్లూ, ఆరు సీసాలూ పట్టుకెళ్లాం. బుట్ట వదినగారు మోశారు. పాస్టరమ్మగారు రుచి చూసి, "ఎవరి చేతి పనండీ ఇది?" అన్నారు. "నాదేనండీ" అన్నాను. ఆ ఒక్క మాటతో ఆగానా? పిలకలు గిల్లడం, మజ్జిగ చల్లడం, సూదితో పొడవడం అంతా వివరంగా చెప్పాను. విత్తనాలెక్కడివంటే కువైట్ పేరు రాకూడదని, "ఆన్‌లైన్లో తెప్పించేనండీ" అన్నాను. ఆవిడ వదినగారి వైపు తిరిగి, "మీరూ సాయం చేసేరాండీ?" అని అడిగారు.

"ఆయ్, నీళ్లు పోసేనండీ" అన్నారు వదినగారు.

ఇంటికొచ్చాక ఆవిడ నూతి చప్టా మీద కూర్చుని బుట్ట కడుగుతున్నారు. "వదినా..." అన్నాను. తలెత్తలేదు. "అక్కడ మా మేడమూ అంతేనమ్మా. చుట్టాలొస్తే వంటంతా తనే చేసేనని చెప్పేది. నాకు నవ్వొచ్చేది. అక్కడ పనిమనిషినే కదా, పోనీలే అనుకునేదాన్ని. ఇక్కడ కూడానా అమ్మాయ్?"

తర్వాతి ఆదివారం స్త్రీల కూడికలో లేచి నిలబడి అంతా ఒప్పుకున్నాను: టమాటాలు ఆవిడవనీ, ఆస్పత్రి మాట అబద్ధమనీ. అందరూ ముక్కున వేలేసుకుంటారనుకున్నాను. ఎవరూ కదల్లేదు. పాస్టరమ్మగారు మెల్లగా, "మాకు తెలుసండీ. వచ్చిన కొత్తలోనే మీ వదినగారు చెప్పేరు, కువైట్లో వంట చేసేదాన్ననీ, టమాటా విత్తనాలు అక్కణ్ణుంచే తెచ్చి నాటేననీ" అన్నారు. అంటే ఆ రోజు నేనంతసేపు చెబుతుంటే అందరూ తెలిసే విన్నారన్నమాట. వదినగారు నన్ను చూడకుండా పాటల పుస్తకం పేజీలు తిప్పుతూ కూర్చున్నారు.

వేసవిలో ఆవిడ మామిడికుదురు వెళ్లిపోయారు, చెల్లెలి దగ్గరికి. పోట్లాటేమీ లేదు. ఇప్పటికీ ఫోన్ చేస్తారు, నా మోకాళ్ల గురించి అడుగుతారు, ఆ సంగతి మాత్రం ఎత్తరు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ రోజు చుట్టూ ఉన్న ముఖాలు మసకబారుతున్నాయి గానీ, నా గొంతు మాత్రం నాకు మరింత స్పష్టంగా వినిపిస్తోంది.