వెనక దాచిన కుడిచెయ్యి

మదీనత్ ఖలీఫాలో మా ఇంట్లో పూజ అయ్యాక, శుక్రవారాలు వలస కూలీలుండే బర్వా అల్ బరాహా క్యాంపుకు పులిహోర తీసుకెళ్ళేవాణ్ణి. అక్కడ నిజామాబాద్ మేస్త్రీ ఒకతను కుడిచెయ్యి వీపు వెనక్కి పెట్టుకుని, ఎడమచెయ్యి చాపేవాడు. 'మర్యాద తెలియదు' అని డైరీలో రాసుకున్నాను. మూడో వారం అడిగేశాను.

"ఏమయ్యా, ప్రసాదం ఎడమచేత్తో తీసుకుంటారా?"

"అలవాటు సారూ, తప్పు వట్టకుండ్రి. బేస్‌బాల్ ఆడెటోన్ని. బ్యాట్ పట్టినోని ఎనక కూసొని ఎడమచేతి గ్లవుతోటి బాల్ పట్టుకుంట. దెబ్బ తాకి వేళ్లు ఇరగకుంట కుడిచెయ్యి ఎనక దాస్త."

పక్కనున్న అతని రూమ్మేట్ నవ్వాడు. "జీతమిచ్చి ఆడిచ్చిన్రట సారూ, ఒక్క సీజన్. టీమ్ మూసేసిన్రు. మళ్ల ఆడనీకి పిలుస్తరని ఈయన ఇంకా ఫోన్ కోసం చూస్తుండు."

"వస్తది," అన్నాడతను. "చెయ్యి మంచిగుండాలె గదా."

ఇంటికొచ్చి డైరీలో ఆ మాట కొట్టేశాను.

మొన్న చలికాలంలో సైటులో ఇనుప పైపు పడి ఆ కుడిచేతి వేళ్ళు నలిగిపోయాయి. ఊరికి వెళ్ళిపోయే ముందు శుక్రవారం, కట్టుతో ఉన్న ఆ చేతినే మొదటిసారి నా ముందుకు చాపాడు.

"ఇంక దాచుడెందుకు సారూ," అన్నాడు.

నేను అతని ఎడమచెయ్యి పట్టుకుని, ప్రసాదం అందులోనే పెట్టాను.